డాలరు ఆరు గంటల లెక్కకు ఆధారం లేదు

నల్లజాతీయుల వ్యాపారాలను ఆదరించమని ఎవరైనా అడిగిన ప్రతిసారీ సోషల్ మీడియాలో ఒక సందేశం తిరుగుతుంది. అట్లాంటా తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లోకీ అది వచ్చింది. ఆసియా సంతతివారి మధ్య డాలరు 28 రోజులు, యూదుల మధ్య 20 రోజులు చేతులు మారుతుందట, నల్లజాతివారి దగ్గర మాత్రం ఆరు గంటల్లో బయటికి పోతుందట. తమ దుకాణాలను తామే ఆదరించనివారిని మనం ఎందుకు ఆదరించాలి, రంగు చూసి కొనడం వివక్ష కాదా, వాళ్లకు పని అప్పగిస్తే సవ్యంగా చేస్తారా అన్న ప్రశ్నలు దాని వెంట వస్తాయి.

ఆ అంకెలకు ఆధారమేదీ చూపరు. కొన్ని పోస్టుల్లో నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ పేరు తగిలిస్తారు గాని, ఏ నివేదికో, ఏ సంవత్సరానిదో చెప్పరు. నోటు మీద గాని, కార్డు చెల్లింపులో గాని మనిషి జాతి నమోదు కాదు కాబట్టి ఇలాంటి లెక్క తీయడం సాధ్యమూ కాదు.

డబ్బు బయటికి పోతున్న మాట నిజమే, కాని కారణం ఐకమత్యం లేకపోవడం కాదు. అమెరికా జనాభాలో నల్లజాతీయులు 13 శాతానికి పైగా ఉంటే, జీతానికి మనుషులను పెట్టుకున్న వ్యాపారాల్లో వారివి సుమారు 3 శాతమే. అద్దె, కరెంటు, మందులు, కిరాణా అన్నిటికీ బయటివారికే చెల్లించక తప్పని స్థితిని స్వభావదోషంగా చూపడం అన్యాయం.

అవకాశం దొరికినప్పుడు వాళ్లు ఏం నిర్మించారో అట్లాంటాలోని ఆబర్న్ అవెన్యూ అనే వీధి చెబుతుంది. బానిసగా పుట్టిన అలోంజో హెర్న్‌డన్ క్షురకవృత్తితో పైకి వచ్చి 1905లో అట్లాంటా లైఫ్ బీమా సంస్థను స్థాపించాడు. మరుసటి ఏడాది తెల్లవారి మూకలు నగరంలో కనీసం పాతికమంది నల్లజాతీయులను చంపి, అతని క్షౌరశాల మీదా దాడి చేశాయి. అయినా 1921లో అక్కడే సిటిజన్స్ ట్రస్ట్ బ్యాంకు పుట్టింది. ఆ పక్కనే 1924లో కట్టిన మునిసిపల్ మార్కెట్లో తెల్లవారు లోపల అమ్ముకుంటుంటే, నల్లజాతి వర్తకులు బయట రోడ్డు అంచున బుట్టలు పెట్టుకోవలసి వచ్చింది. కర్బ్ అంటే రోడ్డు అంచు, కర్బ్ మార్కెట్ అన్న పేరు అలా వచ్చిందే. 1930లలో ప్రభుత్వ పటాలు నల్లజాతి పేటలకు ఎర్రరంగు పులిమి, అక్కడ అప్పులివ్వడం ప్రమాదమని బ్యాంకులకు చెప్పాయి. ఆ తర్వాత హైవే ఆబర్న్ పేట నడిమధ్య నుంచి సాగి దాన్ని రెండుగా చీల్చింది. ఇంత జరిగాక మిగిలినదాన్ని చూసి వాళ్లకు వాళ్లే సాయపడరనడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఇక వివక్ష సంగతి. 2024 జూన్‌లో అప్పీలు కోర్టు అట్లాంటాకు చెందిన పెట్టుబడి సంస్థ ఫియర్‌లెస్ ఫండ్ విషయంలో ఇచ్చిన తీర్పును ఇందుకు సాక్ష్యంగా చూపుతున్నారు. ఆ తీర్పు నల్లజాతి మహిళల వ్యాపారాలకే పరిమితమైన 20 వేల డాలర్ల గ్రాంటు పోటీని ఆపింది. ఏ బేకరీలో కొనాలో నిర్ణయించుకునే వినియోగదారుడి జోలికి పోలేదు. మనవాడి రెస్టారెంటని అక్కడే పెళ్లి క్యాటరింగ్ చెప్పేవాళ్లం, తెలుగు సంఘాల సావనీర్లకు మనవాళ్ల దగ్గరే ప్రకటనలు అడిగేవాళ్లం, ఆ పనిని ఏనాడూ వివక్ష అనుకోలేదు.

పని సవ్యంగా చేయరన్న అనుమానం కూడా కొత్తది కాదు. 1973లో అట్లాంటా మేయరుగా ఎన్నికైన మేనార్డ్ జాక్సన్, విమానాశ్రయ విస్తరణ పనుల్లో నాలుగో వంతు మైనారిటీ సంస్థలకు దక్కాలని పట్టుబట్టినప్పుడు, ఖర్చు పెరుగుతుందనీ ఆలస్యమవుతుందనీ వ్యాపారవర్గాలు గట్టిగా వ్యతిరేకించాయి. ఆ టెర్మినల్ 1980లో గడువు దాటకుండా, బడ్జెట్ మించకుండా ప్రారంభమైంది.