మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్సు గారికి ఒక ఖుల్లా లేఖ

మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్సు గారూ, నమస్తే. ఇంగ్లీష్ మాట్లాడేటప్పుడు నోట్లె తల్లిభాష తీరు దూరుతది గదా, గదే మీరు, సారోళ్లు పొట్టిగ ఎంటీఐ అంటరు. పేరు చివర్ల ఒక ఉకారం ఎక్కువ పడ్డది, ఏమనుకోకుండ్రి, అది గూడ మీరు చేసిందే.

నేను మీకు ఎర్కనే. నల్లగొండ జిల్లా, దేవరకొండ దిక్కు ఊరు, ఎమ్మే ఇంగ్లీష్ లాంగ్వేజ్ టీచింగ్. మా అమ్మ దాన్ని యెమ్మే అంటది, ఆ య గూడ మీదే, మాట ఎ తోని మొదలైతే మన నోరు ముందుగాల్నే ఒక య తగిలిస్తది, ఎక్కడ అని రాసి యెక్కడ అంటం, గందుకే ఎగ్గు యెగ్గయితది. రెండేండ్లు మీ మీదనే చదివిన. ఇంట్ల మనుషుల మీద గూడ అంత శ్రద్ధ పెట్టలే.

మీ వంశ చరిత్ర మొత్తం బట్టీ పట్టిన. వీళ్లంత భాషల మీద పరిశోధన చేసినోళ్లు. 1953ల వైన్‌రైక్ అనే ఆయన మిమ్మల్ని ఇంటర్‌ఫియరెన్స్ అన్నడు, అంటే నడుమల జొరబడేటోడు అన్నట్టు. 1957ల లాడో వచ్చి రెండు భాషలు పక్కపక్కన పెట్టి చూస్తే పిల్లలకు యాడ కష్టమైతదో ముందే చెప్పొచ్చన్నడు, మా ఊరి పంచాంగం అయ్యగారు గూడ గంత ధైర్యంగ చెప్పడు. 1967ల పిట్ కార్డర్ మాత్రం తప్పులను తక్కువ చూడకుండ్రి, పిల్లగాడు ఏం నేర్చుకుంటుండో ఆ తప్పులతోనే తెలుస్తది అన్నడు. చదివితే నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. పరీక్షల గదే రాస్తే, అండ్ల ఒక స్పెల్లింగ్ తప్పుకు అర మార్కు కోసిండ్రు. 1972ల సెలింకర్ ఫాసిలైజేషన్ అన్నడు, కొన్ని తప్పులు ఎంత నేర్పినా పోవు, శిలాజమైతయట. అయితయ్ మరి, ఊరి పేర్లనే కొండ ఉన్నోళ్లం.

ఇగ ఇంగ్లీష్ పలుకుడు నేర్పే ల్యాబు. హెడ్‌ఫోన్ల ఎడమ చెవిది మోగితే కుడి చెవిది మోగది. అండ్ల వైన్, వైన్ అని రెండు మాటలు వినిపిచ్చి తేడా చెప్పుమంటరు. ఒకటి పై పండ్లు కింది పెదవికి ఆనిచ్చి అనాలె, అది తీగె. ఇంకోటి పెదవులు గుండ్రంగ సుట్టి అనాలె, అది మందు. ఇగో తెలుగుల రాస్తే రెండూ ఒక్క తీరే పడ్డయ్ చూడుండ్రి, మనకున్నది ఒక్కటే వ గదా. నా పక్కన కూసునే పాలమూరు దోస్తు చెయ్యి లేపి, సార్ మా దిక్కు తీగెను ఎవ్వలు వైన్ అనరు, వైన్స్ అంటే షాపే, కన్ఫ్యూజన్ రాదు అన్నడు. క్లాసంత నవ్వింది, వాన్ని బయటకు పంపిండ్రు. నన్నడిగితే ఆ రెండేండ్లల్ల నేను విన్న భాషాశాస్త్రంల గదే సక్కని మాట.

నా డిసర్టేషన్ గూడ మీ మీదనే. బస్సు, బుక్కు, రోడ్డు, పెన్ను, తెలుగు మాట మామూలుగ అచ్చుతోనే ముగుస్తది కాబట్టి చివర్ల ఉ చేరుతది అని అరవై పేజీలు రాసిన, ఊర్ల బడిపిల్లల తాన కూసొని ఫోన్ల రికార్డు చేసుకొచ్చి మరీ. వైవాల అంత విన్నంక ఎక్స్‌టర్నల్ సారు కండ్లద్దాలు తీసి, గుడ్ వర్కు, బట్ టూ మచ్ ఎంటీఐ అన్నడు. వర్కు అన్నడు. నేనేం మాట్లాడలే, కాయితం మీద రాసుకున్న, డాటా గదా.

అసలు ముచ్చట ఏందంటే, మీ పేర్ల మదర్ ఉన్నది గదా, ఎవరి మదర్? ఏడో తరగతిల నేను "అమ్మ అంగడికి పోయొచ్చింది" అని రాస్తే తెలుగు సారు ఎర్ర పెన్నుతోని కొట్టేసి "అమ్మ సంతకు వెళ్లి వచ్చింది" అని రాసిండు. మా అమ్మ జన్మల యాడికి వెళ్లలే, ఎప్పుడైనా పోవుడే. అంటే తెలుగు పీరియడ్ల మా అమ్మదే తప్పు, ఆ ఎనుక ఇంగ్లీష్ పీరియడ్ల గూడ మా అమ్మదే తప్పు. ఆమె ఆ టైముకు పత్తి చేన్ల ఉన్నది, బడి గేటు గూడ చూడలే, అయినా రెండు కేసులల్ల ఆమెనే ముద్దాయి.

ఇయ్యాల నేను హైదరాబాద్‌ల ఒక ట్రైనింగ్ సెంటర్ల వాయిస్ అండ్ యాక్సెంట్ ట్రైనర్ని. పొద్దున తొమ్మిదింటి కాడ్నించి మిమ్మల్ని ఎల్లగొట్టుడే పని, బోర్డు మీద మీ పేరు రాసి ఇంటూ కొడుత. కానీ ఒక్క మాట, మీరు మొత్తానికే పోతే నా నౌకరి గూడ పోతది, జెర నెలకింత తగ్గినట్టు కనవడుండ్రి సాలు.

మొన్న అమ్మ ఫోన్ చేసి, అసలు నీ పని ఏంది బిడ్డా అని అడిగింది. పిల్లల నోట్లెకెళ్లి వాళ్ల అమ్మ మాట తీసేసుడు అమ్మా అన్న. కొద్దిసేపు ఏమనలే.

"గందుకు గూడ జీతమిస్తరా?"

ఇస్తరన్న.

"టైముకే ఇస్తుండ్రా మరి?"

ఇట్లు,
మీ మీదనే బతికెటోడు