ఇంకా కోడింగేనా అన్నా?

డిసెంబరు సేవా కార్యక్రమాల్లో భాగంగా అమెరికాలోని మన సంఘం హనుమకొండలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పెట్టిన కెరీర్ సదస్సు ఫొటోలు మీరంతా వాట్సాప్ గ్రూపులో చూసే ఉంటారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు అన్నీ ఉన్నాయి. ఫొటోలకెక్కనిది ఒకటుంది. వేదిక మీది వాళ్లను పరిచయం చేస్తూ కార్యవర్గ మిత్రుడు ఒకరిని డైరెక్టర్ అన్నాడు, ఇంకొకరిని వైస్ ప్రెసిడెంట్ అన్నాడు. నా దగ్గరికొచ్చేసరికి, "మా అన్న చాలా సింపుల్. అమెరికా పోయి ఇన్నేండ్లయినా ఇంకా కోడింగే చేస్తున్నడు" అన్నాడు. హాలంతా నవ్వింది. నన్ను చూసి నవ్వారు, పోనీలే. కానీ తర్వాతి వక్త "ఐదేండ్లు కోడింగ్, ఆ తర్వాత మేనేజర్, గదే గ్రోత్" అని పిల్లలకు సూత్రం చెప్పేశాడు. అది మింగుడుపడలేదు.

మేనేజర్ పని తక్కువదని నేననను. మంచి మేనేజర్ దొరికిన టీమ్ అదృష్టమే వేరు. అయితే కోడ్ వదిలేస్తేనే ఎదిగినట్టనే లెక్క ఎక్కడిది? పెద్ద కంపెనీల్లో మేనేజర్ కాకుండా ఇంజినీర్‌గానే పైకెళ్లే స్టాఫ్ ఇంజినీర్, ప్రిన్సిపల్ ఇంజినీర్ అనే దారి కూడా ఉందని ఆ వేదిక మీద అందరికీ తెలుసు. 1969లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు పునాది వేసిన కెన్ థాంప్సన్, గూగుల్‌లో మరో ఇద్దరితో కలిసి 'గో' ప్రోగ్రామింగ్ భాషను తయారుచేశారు. 2009లో అది బయటికొచ్చేనాటికి ఆయనకు 66 ఏళ్లు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే పెద్దాయనను, మగ్గం దిగి సూపర్‌వైజర్ ఎప్పుడవుతావని ఎవరైనా అడుగుతామా? (కూలి గిట్టుబాటు సంగతి వేరే.)

సభ అయ్యాక పరకాల నుంచి వచ్చి చదువుకుంటున్న ఫైనలియర్ అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. "ప్రాజెక్టు కొనుక్కొచ్చినం సార్" అని దాపరికం లేకుండా చెప్పింది. లైబ్రరీ మేనేజ్‌మెంట్, ఇంకేముంటుంది! అందులో నవంబరు 20కి ఇవ్వాల్సిన పుస్తకం డిసెంబరు 5న ఇచ్చినా ఫైన్ పడటం లేదు. ఎందుకా అని ఆ అమ్మాయే తవ్వింది. తేదీలను డేట్‌గా కాక ఉత్త టెక్స్ట్‌గా దాచారు. 05-12ని 20-11తో పోల్చినప్పుడు ముందున్న అంకెలు చూసి, 05 చిన్నది కాబట్టి పుస్తకం గడువులోపే వచ్చిందని ప్రోగ్రామ్ తేల్చేస్తోంది. ఆ కాలమ్‌ను డేట్ టైప్‌కి మార్చి, నెల మారే తేదీలు, ఏడాది మారే తేదీలు వేసి మళ్లీ సరిచూసుకుంది. అంతా చూపించి అడిగింది: "ఇది రెజ్యూమేలో రాసుకోవచ్చా సార్? మా సీనియరేమో మూడేండ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోమంటున్నడు."

కొన్న ప్రాజెక్టులనూ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లనూ ఉతికి ఆరేద్దామనే కూర్చున్నాను. చేతులు రావడం లేదు. మనలో చాలామందికి జావా నేర్పింది ఆ ఇరుకు గదులే. కానీ లేని ఎక్స్‌పీరియన్స్ పెట్టడం, ఇంకొకరితో ఇంటర్వ్యూ ఇప్పించుకోవడం, ఉద్యోగమొచ్చాక 'జాబ్ సపోర్ట్' పేరుతో రాత్రిళ్లు వరంగల్ కుర్రాడి చేత పని చేయించుకోవడం వేరు. దొరికితే ఉద్యోగం పోతుంది, వీసాకూ ఎసరు. దొరక్కపోతే పదేళ్లయినా పని రాదు. ప్రొడక్షన్ (జనం వాడుతున్న అసలు సిస్టమ్) పడిపోయినప్పుడు అది రాసిపెట్టుకున్న లాగ్స్ చదివి కారణం పట్టుకోవడం, ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్‌ను చెడగొట్టకుండా మార్చడం, రివ్యూలో తప్పు చూపిస్తే మొహం మాడ్చుకోకుండా దిద్దుకోవడం పక్కన కూర్చుని చూపించేవాళ్లుంటేనే త్వరగా వస్తాయి.

అలాంటివాళ్లు మన సంఘంలో బోలెడుమంది. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆర్‌ఈసీలో (ఇప్పటి వరంగల్ ఎన్‌ఐటీ) చదివినవాళ్లం ఉన్నాం, కిట్స్ ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లున్నారు, కాకతీయ యూనివర్సిటీ వాళ్లున్నారు. కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. వచ్చే డిసెంబరులో ఆడిటోరియం బదులు కంప్యూటర్ ల్యాబ్ అడగండి. ఉపన్యాసాలు తీసేసి, ఒక్కో సభ్యుడికి ఇద్దరు ముగ్గురు పిల్లలను అప్పగించండి. వాళ్లు రాసిన కోడ్ ముందేసుకుని పూటంతా కూర్చుందాం, ఆ తర్వాత నెలకోసారి ఆన్‌లైన్‌లో కలుద్దాం. శాలువాల డబ్బుతో పిల్లలకు మధ్యాహ్నం భోజనాలు పెట్టొచ్చు. డైరెక్టర్లూ వైస్ ప్రెసిడెంట్లూ తప్పకుండా రావాలి, ల్యాప్‌టాప్ మాత్రం తెచ్చుకోవాలి.