బోర్డు మీద ఫోకు, లోపల కూత

ఆస్టిన్‌లో మా పేట బార్ నుంచి ఇప్పుడే వచ్చా. చెవుల్లో గుయ్‌మనడం ఇంకా ఆగలేదు. బయట నల్లబోర్డు మీద సుద్దతో "ఈ రాత్రి ఆల్ట్-కంట్రీ, ఫోక్" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు, అంటే కొత్త తరహా అమెరికా పల్లెపాట, జానపదం. అక్కడితో శ్రద్ధ అయిపోయింది.

సౌండ్ మిక్సర్ దగ్గర మనిషి లేడు. సారీ, ఉన్నాడు. బీరు పోసే కుర్రాడే సౌండ్ ఇంజినీరు కూడా. గొంతు వినపడట్లేదని ఎవరో అరిస్తే అన్ని ఫేడర్లూ (శబ్దం పెంచే జారుడు మీటలు) పైకి తోస్తాడు. కుయ్‌మని కూత. మళ్ళీ అన్నీ కిందికి. రాత్రంతా ఇదే కచేరీ.

నాయనా, అకూస్టిక్ గిటార్ అంటే చెక్కపెట్టె. 100 హెర్ట్జ్ చుట్టుపక్కల దాని పొట్టలో గాలి తనంతట తనే మోగుతుంది. స్పీకర్లోంచి అదే స్వరం తిరిగొచ్చి తగిలితే భూమ్మని ఊళ పెడుతుంది. దానికి పాటగాడి గొంతు నొక్కడమెందుకు? సౌండ్ హోల్‌కి రబ్బరు మూత పెట్టు, సగం గోల అక్కడే పోతుంది. గిటార్‌ని మిక్సర్‌కి కలిపే డీఐ బాక్స్ మీద ఫేజ్ మీట (శబ్దతరంగాన్ని తలకిందులు చేసేది) ఉంటే తిప్పి చూడు. అప్పటికీ ఆగకపోతే ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే సన్నగా కోసెయ్. ఇంకో ఘనకార్యం, ప్రీయాంప్ (సన్నటి సిగ్నల్‌ని పెంచేది) లేని పీజో పికప్‌ని (గిటార్ కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే బిళ్ళ) తీసుకెళ్ళి నేరుగా లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చాడు. పీజోకి ఎదుటి ఇన్‌పుట్ నిరోధం 1 మెగా ఓమ్, అంటే వెయ్యి కిలో ఓములు, అయినా ఉండాలి, లైన్ ఇన్‌పుట్‌లో ఉండేది పది, ఇరవై కిలో ఓములు. ఇక గిటార్ రేకుడబ్బాలా మోగక ఏం చేస్తుంది?

స్పీకర్లయితే పాడేవాళ్ళ వెనక గోడకి బిగించి ఉన్నాయి! మైకులన్నీ వాటి నోట్లోకే చూస్తున్నాయి. ముందు వైపే బాగా వినే కార్డియాయిడ్ మైకుకి చెవుడు సరిగ్గా వీపు వైపు, మానిటర్ (పాడేవాడికి తన పాట వినిపించే స్పీకరు) పెట్టాల్సింది అక్కడే. ఇంకా సన్నటి వెడల్పులో వినే సూపర్‌కార్డియాయిడ్‌కి ఆ చెవుడు మూతి నుంచి లెక్కేస్తే 125 డిగ్రీల దగ్గర, దానికి మానిటర్ కాస్త పక్కకి జరగాలి. మన శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు అబ్బాయి వెయ్యిరెట్లు నయం. బాకా ఎటు తిప్పాలో వాడికి తెలుసు.

నాకు కడుపు మండింది మాత్రం పెడల్ స్టీల్ (బల్లలా పరిచి, కూర్చుని వాయించే గిటార్) విషయంలో. పది తీగలు, మూడు పెడళ్ళు, మోకాళ్ళతో తోసే నాలుగైదు మీటలు. కాళ్ళు బిగించి, శ్రుతి చేసి కూర్చోవడానికే ఇరవై నిమిషాలు పట్టే వాద్యం అది. తీసుకెళ్ళి బాత్‌రూమ్ దారిలో పెట్టారు, వచ్చేపోయేవాళ్ళు తొడలతో గుద్దుకుంటూ పోవడానికి. తీగ సద్దు సన్నగిల్లుతుంటే వాల్యూం పెడల్‌ని పాదంతో వెంట్రుకంత, వెంట్రుకంత నొక్కుతూ ఆ నిట్టూర్పుని నిలబెట్టాలి. సరిగ్గా ఆ నిట్టూర్పు మీద బ్లెండర్! ఎవడికో మార్గరీటా అర్జెంటు.

ఆల్ట్-కంట్రీ అంటే టోపీ పెట్టుకున్న రాక్ అనుకునే మేధావులకు ఒక ముక్క. ఇల్లినాయ్‌లో బెల్‌విల్ ఊరి కుర్రాళ్ళ బ్యాండు అంకుల్ టుపెలో వాళ్ళు పంక్ పొగరునీ పాత పల్లెపాటనీ ఒక దారంతో కుట్టారు. 1994లో విడిపోయి కొందరు విల్కో అనే బ్యాండు అయ్యారు, ఒకరు సన్ వోల్ట్ అని ఇంకోటి పెట్టారు. ఆ పాటలో మాట వినపడకపోతే ఇంకేం మిగిలింది? బార్ చిన్నది కదా అనకండి. నాష్‌విల్‌లో బ్లూబర్డ్ కెఫే 1982 నుంచి ఉంది, సీట్లు తొంభై, అదీ షాపుల వరసలో. పాట మొదలైతే అక్కడ నోరు మూసుకుని వింటారు. ఇక్కడ మ్యూట్‌లో ఉన్న టీవీకి చప్పట్లు.

అయినా వీళ్ళననడం దేనికి, ఇక్కడి మన తెలుగు సంఘాల "జానపద రాత్రి" ఏం తక్కువ తిందని? డప్పుండదు, పెన్‌డ్రైవ్ ఉంటుంది. గాయకుడు మైకు తలకాయని గుప్పిట్లో బిగిస్తాడు, అదేదో స్టైలట. జాలీ వెనక సందులు మూసుకుపోతే కార్డియాయిడ్ నాలుగు దిక్కులా వింటుంది బాబూ, కూత అక్కణ్ణుంచే! ఖర్మగాలి నిజంగా డప్పు కళాకారుణ్ణి పిలిస్తే స్పాన్సర్ల సన్మానాలన్నీ అయ్యాక పదకొండింటికి ఎక్కిస్తారు, అప్పటికి జనం పులిహోర పొట్లాలు కట్టుకుంటుంటారు. ఈలోగా డప్పు తోలు జావగారిపోయి ఉంటుంది. మంట మీద కాచుకుంటానంటే ఫైర్ అలారం మోగుతుందని కంగారు. హెయిర్ డ్రయ్యర్ ఒకటి తెచ్చివ్వడానికి కమిటీ తీర్మానం కావాలా?

వచ్చే గురువారం కూడా ఉందట, బోర్డు మీద అప్పుడే రాసేశారు. నాలుగంగుళాల రబ్బరు మూత ఒకటి జేబులో వేసుకుని వెళ్తా.