చిల్లీ పార్లర్ ముప్పు

ఒహాయో రాష్ట్రానికి నైరుతి మూల, ఒహాయో నది ఒడ్డున ఉన్న సిన్సినాటిలో 1922 నుంచి ఒక ప్రమాదకరమైన వ్యవహారం బాహాటంగా నడుస్తోంది. ఆ ఊళ్లో మనవాళ్లు తక్కువేం లేరు. యూనివర్సిటీ ఆఫ్ సిన్సినాటిలో ఎంఎస్ చేసే పిల్లలున్నారు. మేసన్‌లో, వెస్ట్ చెస్టర్‌లో ఇళ్లు కొనుక్కుని శనివారాలు గడ్డి కోసుకునే సాఫ్ట్‌వేర్ కుటుంబాలున్నాయి. ఆర్నెల్లకని వచ్చి మనవల్ని ఆడిస్తున్న తల్లిదండ్రులున్నారు. ఇంతమంది ఉండీ ఒక్కరూ నోరు విప్పలేదు. కాబట్టి తెలుగు జాతి క్షేమం దృష్ట్యా ఆ పని మేమే నెత్తిన వేసుకుంటున్నాం.

వ్యవహారం పేరు చిల్లీ పార్లర్. ఆ ఊళ్లో ఏ పేటకు వెళ్లినా కనిపించే మామూలు హోటలే. టేబుల్ బుక్ చేసుకోనక్కర్లేదు, ఇస్త్రీ చొక్కా అక్కర్లేదు. లాయరూ ప్లంబరూ పక్కపక్కన కూర్చుని, బట్టల మీద పడకుండా మెడకు ప్లాస్టిక్ బిబ్ కట్టుకుని తింటారు. పెద్దవాళ్లు బిబ్ కట్టుకోవడం మీద మేం ప్రత్యేకంగా వ్యాఖ్యానించదలచుకోలేదు.

ముందు ప్లేటులో ఏముంటుందో చూద్దాం. కోలగా ఉన్న ప్లేటులో మెత్తగా ఉడికిన స్పఘెట్టి. దాని మీద జారుగా వండిన బీఫ్ కీమా, అందులో దాల్చినచెక్క, లవంగం లాంటి సుగంధ ద్రవ్యాలు. ఈ కీమానే చిల్లీ అంటారు. ఆ పైన సన్నగా తురిమిన చెడ్డార్ చీజ్. గుప్పెడో అరగుప్పెడో కాదు, కింద ఏముందో కనపడనంత. పేరుకు చిల్లీయే గాని కారం ఉండదు. స్పఘెట్టిని ఫోర్క్‌కు చుట్టి తిన్నారంటే మీరు పరాయి ఊరివాళ్లని పక్క టేబుల్ వాళ్లకు తెలిసిపోతుంది. ఫోర్క్ అంచుతో కోసుకు తినాలి. చీజ్ కరిగి ముద్దయ్యే ముందు మొదటి నాలుగు ముద్దలు బాగానే ఉంటాయని, నిష్పక్షపాతంగా ఉండాలి కాబట్టి, నమోదు చేస్తున్నాం.

మనవాళ్లు మొదటిసారి ఈ ప్లేటు ముందు కూర్చుని అనే మాట దాదాపు ఒకటే: "మాంసంలో దాల్చినచెక్క ఏంట్రా బాబూ!" దమ్ బిర్యానీలోంచి చెక్క, లవంగం, యాలక్కాయ ఏరి ప్లేటు అంచున కుప్ప పోసే చేతులే ఈ మాట అంటూ గాల్లోకి లేస్తాయి. మా అభ్యంతరం వేరు. చెక్క వేస్తే వేశారు, దాన్ని పొడి కొట్టి కలిపేశారు. ఏరి పక్కన పెట్టడానికి ఏమీ మిగల్చలేదు. తినేవాడికి పని లేకుండా చేసే వంట మన సంస్కృతికి పొసగదు.

బీఫ్ సంగతి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. ఈ విషయంలో అక్కడి మనవాళ్లు మూడు రకాలు: తిననివాళ్లు, తినేవాళ్లు, ఇంటికి ఫోన్ చేసినప్పుడు తిననివాళ్లు. శాకాహారుల కోసం స్కైలైన్ అనే పార్లర్‌వాళ్లు నల్ల బీన్స్, అన్నంతో చేసింది ఒకటి మెనూలో పెట్టారు. అమెరికాలో ఒక కీమా హోటలుకు వెళ్లి అన్నం తిని బయటికి రావచ్చన్నమాట. ఈ సౌకర్యం గురించి మన సంఘాలు ఎక్కడా ప్రకటన ఇవ్వకపోవడాన్ని కూడా మేం గమనించాం.

అసలు ముప్పు ప్లేటులో లేదు, మెనూలో ఉంది. స్పఘెట్టి మీద చిల్లీ పోస్తే టూ-వే. చీజ్ చేరితే త్రీ-వే. ఉల్లిపాయలో బీన్సో చేరితే ఫోర్-వే. రెండూ చేరితే ఫైవ్-వే. స్పఘెట్టి వద్దనుకుంటే చిన్న బన్నులో చిన్న సాసేజ్ పెట్టి, మస్టర్డ్ రాసి, అదే చిల్లీ, అదే ఉల్లిపాయ, అదే చీజ్ వేసిస్తారు. దాన్ని కోనీ అంటారు. సలాడ్లూ అవీ ఇంకా ఏవో ఉన్నా, వాటి కోసం ఎవరూ బయల్దేరి రారు.

ఇప్పుడు మన రెస్టారెంట్ మెనూ తెరవండి. సిన్సినాటి శివార్లే కానక్కర్లేదు, అమెరికాలో మనవాళ్లు స్థిరపడ్డ ఏ ఊరి శివారైనా పర్వాలేదు. చికెన్ 65, చికెన్ 555, చికెన్ మెజెస్టిక్, చికెన్ పకోడీ, కరివేపాకు కోడి వేపుడు. ఇవే అయిదూ మళ్లీ రొయ్యలతో, మళ్లీ పనీర్‌తో, మళ్లీ గోబీతో, మళ్లీ బేబీ కార్న్‌తో. బిర్యానీ విభాగం ప్రత్యేక జిల్లా: దమ్, ఫ్రై పీస్, గోంగూర, ఆవకాయ, ఉలవచారు, పైన జీడిపప్పు జల్లితే ఇంకొకటి. ఆ తర్వాత ఇండో-చైనీస్, తందూరీ, దోశలు, చాట్. చివరి పేజీలో, పిల్లలు ఏడుస్తారేమోనని, ఫ్రెంచ్ ఫ్రైస్. వెనక వంటింట్లో ఉన్నది ఇద్దరు మనుషులూ మూడు గ్రేవీలేనని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. సంఘంలో బతకాలంటే ఆ మాత్రం మర్యాద ఉండాలి.

ఒక హోటలు అరడజను వస్తువులతో తరాల తరబడి బతకొచ్చని మన జనానికి తెలిసిపోతే ఈ వ్యవస్థ ఏం కావాలి? లామినేషన్ చేసేవాళ్ల బతుకేం కావాలి?

వేగం ఇంకో ప్రమాదం. చిల్లీ పార్లర్‌లో కూర్చోగానే ఆయిస్టర్ క్రాకర్లనే చిన్న ఉప్పు బిస్కెట్లు గిన్నెలో తెచ్చి పెడతారు, డబ్బు తీసుకోరు. (ఉచిత పథకాల మీద మనకు క్లాసు పీకే దేశంలో!) "త్రీ-వే" అంటే చాలు. చిల్లీ, స్పఘెట్టీ కళ్లెదురుగానే, వేడి ఆరకుండా ఉంచే స్టీమ్ టేబుల్ మీద సిద్ధంగా ఉంటాయి. క్రాకర్ మీద హాట్ సాస్ చుక్క వేసుకుని నోట్లో పెట్టుకునే లోపు ప్లేటు వచ్చేస్తుంది.

మన దగ్గర ఆర్డర్ చెప్పడమే ఒక క్రతువు. "స్పైస్ లెవెల్?" అని అడుగుతాడు కుర్రాడు. మైల్డ్, మీడియం, స్పైసీ, ఇండియన్ స్పైసీ. ఇండియన్ స్పైసీ అని చెప్పాక కూడా మావగారు "అది నార్తోళ్ల కారం, మన గుంటూరు కారం వెయ్యమను" అంటారు. మనవడు ఇంగ్లీషులో అసలు కారమే వద్దంటాడు. కోడలు "అత్తయ్యగారికి ఉల్లి, వెల్లుల్లి లేకుండా" అని గుర్తుచేస్తుంది. కుర్రాడు అన్నీ శ్రద్ధగా రాసుకుని లోపలికి వెళ్తాడు. అన్నీ ఒకే కారంతో బయటికొస్తాయి. ఈలోగా ముప్పావుగంట గడుస్తుంది. ఆ ముప్పావుగంటే మన సామాజిక జీవితం. ఏ కంపెనీలో లేఆఫ్‌లు పడ్డాయి, ఎవరి హెచ్1బీ ఏమైంది, ఎవరమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు, అన్నీ అప్పుడే తేలతాయి. బిర్యానీ రెండు నిమిషాల్లో వస్తే ఆ పెళ్లిళ్లన్నీ ఎవరు కుదురుస్తారు?

ఈ కుట్ర వెనక ఎవరున్నారో కూడా చెప్పాలి. మాసిడోనియా నుంచి వలస వచ్చిన టామ్, జాన్ కిరాజీఫ్ అనే అన్నదమ్ములు 1922లో ఎంప్రెస్ అనే బర్లెస్క్ (డాన్సులూ హాస్యమూ కలిపిన ఆటల) థియేటర్ పక్కన హాట్ డాగ్‌ల కొట్టు పెట్టారు. తమ ప్రాంతపు మసాలాలతో కీమా వండి హాట్ డాగ్‌ల మీద పోశారు. తర్వాత స్పఘెట్టిని అందులోనే ఉడికించి పెట్టారు. కలిపి వండొద్దు, పైన పొయ్యండి అన్నారు తినేవాళ్లు. సరేనని పైన పోశారు. చీజ్ వేస్తే బాగుంటుందన్నారు. వేశారు. ఆర్డర్లు త్వరగా తెమలాలని అంకెలు పెట్టారు. గిరాకీ చెప్పిన మాట విన్నారు, గమనించారా! మన హోటల్ రంగంలో ఇలాంటి బలహీనతకు తావు లేదు.

వాళ్ల దగ్గర పనిచేసిన గ్రీకు వలసదారు నికొలస్ లాంబ్రినైడిస్ 1949లో ప్రైస్ హిల్‌లో సొంత కొట్టు తెరిచాడు. ఆ కొండ మీంచి డౌన్‌టౌన్ భవనాలు వరసగా కనిపిస్తాయి కాబట్టి స్కైలైన్ అని పేరు పెట్టాడు. 1965లో జోర్డాన్ నుంచి వచ్చిన దావూద్ సోదరులు నలుగురు గోల్డ్ స్టార్ మొదలుపెట్టారు. అంటే మాసిడోనియావాళ్లు, గ్రీకులు, అరబ్బులు కలిసి, ఇటలీ స్పఘెట్టి మీద టెక్సస్ పేరున్న కూర పోసి, ఇంగ్లండ్ చీజ్ కప్పి, జర్మన్ వలసదారులు కట్టుకున్న ఊళ్లో అమ్మారు. ఇది ఏ దేశపు అమ్మమ్మ చేతి వంట అని అడిగితే ఎవరూ చెప్పలేరు. అడగాలని ఎవరికీ తోచదు కూడా. మనకైతే బోర్డు మీద "అథెంటిక్" అని రాయందే స్టవ్ వెలగదు. లోపల మొట్టమొదట అమ్ముడయ్యేది అథెంటిక్ గోబీ మంచూరియా.

క్యాంప్ వాషింగ్టన్ అనే పేటలో 1940 నుంచి అదే పేరుతో ఒక పార్లర్ ఉంది. వంటల రంగంలో పెద్ద పేరున్న జేమ్స్ బియర్డ్ సంస్థ 2000లో దానికి "అమెరికాస్ క్లాసిక్స్" గౌరవం ఇచ్చింది. మనవాడికి ఇలాంటిది వస్తే ఆ వారంలోనే కూకట్‌పల్లి, డాలస్, మెల్‌బోర్న్ బ్రాంచీలకు రిబ్బన్లు కట్ అయ్యేవి. వాళ్లు ఆ పేటలోనే ఒక్క కొట్టుతో కూర్చున్నారు. ఫ్రాంచైజీ ఇవ్వడం తెలియని జాతితో ఏం మాట్లాడతాం?

ఆ ఊరివాళ్లు కొత్తవాళ్లను "ఏ హైస్కూల్లో చదివారు?" అని అడుగుతారు. యూనివర్సిటీ కాదు, హైస్కూలే. ఆ ఒక్క జవాబుతో మీది ఈస్ట్ సైడా వెస్ట్ సైడా, క్యాథలిక్కులా కాదా, ఇంట్లో కాస్త ఉన్నవాళ్లేనా అన్నది లెక్కేసుకుంటారు. మనం "మీదే ఊరండీ?" దగ్గర మొదలుపెట్టి, ఏ వీధి, ఇంటిపేరేమిటి, ఫలానావాళ్లు మీకేమవుతారు అంటూ నాలుగు మెట్లు దిగితే గానీ కావాల్సిన సంగతి బయటపడదు. వాళ్ల పద్ధతిలో టైం కలిసొస్తుంది, కాదనలేం. ఆ తర్వాతి ప్రశ్న "స్కైలైనా, గోల్డ్ స్టారా?" బయటివాడి నాలుకకు రెండూ ఒకలాగే ఉంటాయి, ఆ మాట అక్కడ అనకూడదు. సికింద్రాబాద్‌లో ఒక బిర్యానీ, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక బిర్యానీ పెట్టుకుని స్నేహాలు చెడగొట్టుకున్న మనకు ఇది అర్థం కావడం కష్టమేం కాదు. అయితే చిల్లీ దగ్గర పెళ్లి సంబంధాలు ఆగిపోయినట్టు మా దృష్టికి రాలేదు. నాగరికత అక్కడిదాకా ఇంకా రాలేదు.

మిగతా తిళ్ల గురించి ఎక్కువ చెప్పం. గెటా అని ఒకటుంది. పంది మాంసం, బీఫ్, ఓట్స్ కలిపి ఉడికించి, చల్లార్చి, ముక్కలు కోసి, పెనం మీద కరకరలాడేలా కాలుస్తారు. జర్మన్లు మాంసాన్ని పొదుపుగా వాడుకోవడానికి కనిపెట్టిన ఉప్మా అనుకోండి. 1870 నుంచి ఉన్న గ్రేటర్స్ ఐస్‌క్రీమ్ మీద మాకు ఫిర్యాదు లేదు. కరిగించిన చాక్లెట్ పోసి, గడ్డకట్టాక లోపలే విరగ్గొడతారు కాబట్టి ఒక్కో ముక్క పెళుసుగా, అడ్డదిడ్డంగా, పెద్దగా తగులుతుంది. ఫిర్యాదు లేకపోవడం మాకే ఇబ్బందిగా ఉంది, అందుకే ఇక్కడితో వదిలేస్తున్నాం.

నివారణ మార్గం ఒక్కటే కనిపిస్తోంది. మనమే ఒక చిల్లీ పార్లర్ తెరవాలి. ఫైవ్-వే దగ్గర ఆగకూడదు. గోంగూర వేస్తే సిక్స్-వే, ఫ్రై పీస్ పెడితే సెవెన్-వే, పైన ఆమ్లెట్ కప్పితే ఎయిట్-వే. ట్వెల్వ్-వే ఫ్యామిలీ ప్యాక్ తీసుకుంటే రెండు లీటర్ల థమ్స్ అప్ ఫ్రీ. క్రాకర్లకు వేరే బిల్లు. ప్రారంభానికి హైదరాబాద్ నుంచి ఒక హీరోయిన్ రావాలి, అసోసియేషన్‌లోని రెండు ప్యానెళ్లూ రెండు వేళల్లో రిబ్బన్ కత్తిరించాలి. ఏడాది తిరక్కుండా భాగస్వాములు విడిపోతారు. అదే ప్లాజాలో నాలుగు షాపుల అవతల, పేరు ముందు "న్యూ" చేర్చి రెండోది తెరుస్తారు. వంటవాడు మాత్రం ఇద్దరికీ ఒకడే.

సిన్సినాటివాళ్లు కూడా వస్తారు, ఎందుకు రారు. పాత అలవాటు కొద్దీ బిబ్ కట్టుకుని కూర్చుంటారు. మన కుర్రాడు పెన్ను తీసి స్పైస్ లెవెల్ ఎంతో చెప్పమంటాడు, ఒకటి నుంచి అయిదు దాకా. పాపం వాళ్లు త్రీ-వే అనుకుని "త్రీ" అంటారు. కుర్రాడు రాసుకుంటాడు.