నోత్రదామ్‌లో బ్రేక్ దర్శనం

మాది కొత్తపేట. హైదరాబాద్ కొత్తపేట కాదండీ, కోనసీమ కొత్తపేట. ఈ రెండో ముక్క చెప్పకుండా నా జీవితంలో ఏ పనీ జరగలేదు. ఆన్‌లైన్‌లో మిక్సీ జార్ తెప్పిస్తే వారం రోజులు దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల తిరిగొచ్చింది. మా పెళ్ళికైతే మా ఆవిడ తరఫు పెద్దాయన ఒకరు సరిగ్గా ముహూర్తం వేళకి హైదరాబాద్‌లో దిగి, కల్యాణమండపం ఎక్కడని ఆటోవాళ్ళని అడిగారు. కాబట్టి ఒకే పేరుతో రెండు చోట్లుంటాయన్న సంగతి నాకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. ఇది ముందే ఎందుకు చెప్పేస్తున్నానంటే, తరవాత మా ఆవిడ ఎలాగూ చెబుతుంది.

మా అమ్మాయి పారిస్‌లో చదువుకుంటోంది. ఉండేది ఊరికి తూర్పున ఆనుకుని ఉన్న మోంత్రోయ్‌లో, తొమ్మిదో నంబరు మెట్రో ఆఖరి స్టేషన్ దగ్గర. మే నెలలో రమ్మంది. మాతోపాటు అక్కా బావగారూ కూడా బయల్దేరారు. వీసాల కోసం పడ్డ పాట్లు ఇక్కడ మొదలుపెడితే అసలు కథ మిగలదు, వదిలేస్తున్నాను.

బావగారిది పాలకొల్లు. రెవెన్యూలో ముప్పై ఆరేళ్ళు చేసి రిటైరయ్యారు. కాగితం లేని పని పని కాదని ఆయన సిద్ధాంతం. ఇప్పటికీ కరెంటు బిల్లు ఫోన్‌లో కట్టి, ఆ మెసేజ్‌ని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి ఫైల్లో గుచ్చుతారు.

ఫిబ్రవరిలో ఓ ఆదివారం అందరం మా ఇంట్లో కూర్చుని అమ్మాయికి ఫోన్ చేశాం.

"నాకు మాత్రం నోత్రదామ్ చూపించవే. ఆరోజు టీవీలో తగలబడుతుంటే అన్నం సయించలేదు" అంది అక్క. 2019 ఏప్రిల్ 15న దాని కప్పంతా కాలి, మధ్యలో శిఖరం విరిగి పడిపోవడం అక్క టీవీలో చూసింది. ఎవరి గుడైతేనేం అని ఆ రాత్రి దేవుడి దగ్గర దీపం కూడా పెట్టింది.

"మళ్ళీ కట్టేశారత్తా. 2024 డిసెంబరులో తెరిచారు. కప్పుకీ శిఖరానికీ కలిపి రెండు వేల ఓక్ చెట్ల దాకా వాడారట."

"చెట్ల సంగతి సరే, టికెట్ ఎంతమ్మా?" అన్నారు బావగారు.

"లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు మావయ్యా."

"అప్పుడే అయిపోయాయా?"

"అయిపోవడం కాదు, అసలు ఉండదు. ఉచితం. కావాలంటే ముందుగా టైము బుక్ చేసుకోవచ్చు, దానికీ డబ్బుల్లేవు. బుక్ చేసుకోకపోయినా లైన్లో నిలబడితే పంపిస్తారు. గోపురాలు ఎక్కాలంటే మాత్రం మనిషికి 16 యూరోలు. 424 మెట్లు."

అక్క మోకాళ్ళు పట్టుకుంది. గోపురాల ప్రస్తావన అంతటితో సరి.

"అది సేన్ నది మధ్యలో లంక మీద ఉంటుంది మావయ్యా, మన లంకల్లాగే" అని అమ్మాయి ఇంకేదో చెప్పబోతే, "అయితే సఖినేటిపల్లి రేవులోలాగా పంటు ఎక్కాలా? దానికైనా టికెట్ ఉంటుందా?" అన్నారాయన ఆశగా. వంతెనలున్నాయని తెలిసి నీరసపడ్డారు.

ఫోన్ పెట్టేశాక నావైపు తిరిగారు. "చిన్నపిల్ల, దానికేం తెలుసు బావా. 1163లో మొదలెట్టిన కట్టడం, పైగా కాలిపోయి మళ్ళీ తెరిచారు. జనం ఎలా ఉంటారు? ఉచితమంటే ఏమిటి? ధర్మదర్శనం. మీ అక్క మోకాళ్ళతో కంపార్టుమెంటులో కూర్చోగలదా? డబ్బు కట్టి వెళ్ళే దారి ఒకటి ఉండే ఉంటుంది. నువ్వే పట్టుకోవాలి."

నువ్వే అనడానికి కారణముంది. మా చుట్టాల్లో తిరుమల మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు మొదటి ప్రయత్నంలోనే పట్టుకోగల ఏకైక వీరుణ్ణి నేను. ఆధార్ నంబర్లు పెద్ద అక్షరాలతో రాసుకుని, రెండు ఫోన్లు ముందు పెట్టుకుని, ఓటీపీ రాగానే చదవడానికి మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని దిగుతాను. ఆ పది నిమిషాలు ఇంట్లో కుక్కర్ కూడా కూయకూడదు. ఈ కీర్తి అప్పటికి నా తలకెక్కి ఉంది.

ముందు నోత్రదామ్ వాళ్ళ అసలు సైటే తెరిచాను. మే నెలకి వెళితే ఒక్క తేదీ కూడా నొక్కనివ్వడం లేదు. అన్నీ బూడిద రంగు. అక్కడ స్లాట్లు రెండు రోజుల ముందు మాత్రమే ఇస్తారని నాకు ఏప్రిల్‌లో తెలిసింది. ఆ రోజు మాకు అర్థమైంది వేరు.

"చూశావా! మే నెల మొత్తం ఫుల్లు" అన్నారు బావగారు. ఇంకో ఆర్నెల్లు ముందు లేవాల్సిందని నన్ను కసిరారు కూడా.

టెన్షన్‌తో 'నోత్రదామ్ టికెట్లు' అని కొట్టి వెతికాను. ఈసారి వచ్చిన సైటు ఎంత మర్యాదగా ఉందనుకున్నారు! మే 14 నొక్కితే రమ్మంది. నలుగురంటే సరేనంది. ముందువైపు జంట గోపురాలతో ఫోటో. పైన నోత్రదామ్ అని స్పష్టంగా ఉంది. భాష ఇంగ్లీషు కావాలా ఫ్రెంచి కావాలా అని అడిగితే, "ఫ్రెంచే పెట్టు. వాళ్ళ భాషలో అడిగితే వాళ్ళకీ అభిమానం ఉంటుంది" అన్నారు బావగారు. అలా ఉన్న ఒక్క ఆధారాన్నీ మా చేతులతోనే మూసేసుకున్నాం.

మా ఆవిడ వెనకనుంచి తొంగి చూసింది. "ఏవండీ, మధ్యలో శిఖరం ఏదీ?"

"కాలిపోయింది కదమ్మా! అప్పుడు తీసిన ఫోటో అయ్యుంటుంది" అన్నారు బావగారు.

"లోపల కప్పు నీలంగా, బంగారు చుక్కలతో ఉంది. అమ్మాయి పంపిన వీడియోలో తెల్లగా సున్నం కొట్టినట్టుంది కదా?"

"రాత్రి లైట్లు వేసుంటారు."

"ఇదిగో, ఇక్కడ మోంట్రియల్ అనుందేమిటి?"

దీనికి నేనే జవాబు చెప్పాను. "అదేనే, అమ్మాయి ఉండే పేట. మోంత్రోయ్. ఫ్రెంచి వాళ్ళు రాసేదొకటి, పలికేదొకటి. ఇంటికి దగ్గరే అన్నమాట, కలిసొచ్చింది."

ఆవిడ ఇంకేమీ అనలేదు. డబ్బు కట్టాక బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్ చదివి, "యూరోలు కాదు, సీఏడీ అని వచ్చింది" అని మాత్రం అంది.

"కెథడ్రల్‌కి పొట్టి పేరు" అన్నారు బావగారు.

"అందులో డీ ఎక్కడుంది అన్నయ్యగారూ?"

"డ్రల్‌లో ఉంది కదమ్మా."

నాలుగు వేల పైచిలుకు ఖర్చయింది. బావగారు అప్పటికప్పుడు కొత్తపేట సెంటర్‌కి వెళ్ళి టికెట్లు కలర్ ప్రింటు తీయించి, వాటికి లామినేషన్ కూడా చేయించుకొచ్చారు. ఆయన టికెట్ మీద ఒక మూల గాలిబుడగ చిక్కింది. దాన్ని బొటనవేలితో అంచుదాకా తోస్తూ, తోస్తూ, సాయంత్రం దాకా అరుగు మీదే కూర్చున్నారు. అది అటు పోయి, ఇటు వచ్చేది.

అమ్మాయికి మాత్రం చెప్పలేదు. వెళ్ళాక ఒక్కసారిగా టికెట్లు తీసి చూపించి ఆశ్చర్యపరచాలని.

ఏప్రిల్‌లో బావగారికి ఇంకో ఆలోచన వచ్చింది. నాలుగు ఫ్రెంచి ముక్కలు నేర్చుకోవాలని. దానికి మాకు పారిస్ దాకా వెళ్ళక్కర్లేదు. ఎదుర్లంక వంతెన మీద గౌతమి దాటితే యానాం. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఊరు. చిన్నప్పుడు అక్కడి ఫ్రెంచి బడిలో చదివిన తాతగారొకాయన మా నాన్నగారికి స్నేహితుడు. ఎనభై దాటాయి. యానాం వెళదామనగానే బావగారి మొహం ఎందుకు వెలిగిందో గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్క మాత్రం వెంటనే, "నేనూ వస్తాను" అంది. వెలుగు కొంచెం తగ్గింది.

తాతగారు ఆత్రేయపురం పూతరేకు ఒకటి నోట్లో వేసుకుని హాయిగా పాఠం మొదలెట్టారు. బోన్‌జూర్, మెర్సీ. "పాపియే అంటే కాగితం. అక్కడ పోలీసు ఆపి అడిగేది అదే, గుర్తుపెట్టుకో" అన్నారు. కాగితం అనే మాట ఉన్న భాష మీద బావగారికి గౌరవం పెరిగింది. జేబులోంచి లామినేషన్ టికెట్ తీసి గర్వంగా ఆయన చేతిలో పెట్టారు.

తాతగారు కళ్ళజోడు తీసి, భూతద్దం తెప్పించుకున్నారు. ఒక్కో మాట కింద వేలు పెట్టి జరుపుతూ చదివారు. "నోత్ర్ దామ్... అంటే మన అమ్మగారు. మేరీమాత." వేలు జరిగింది. "బాజిలిక్..." ఇంకాస్త జరిగింది. గాలిబుడగ దగ్గర ఆగింది. బుడగని నొక్కి చూశారు. దాని కింద ఇంకో మాట ఉంది.

"మీరు వెళ్ళేది ఎక్కడికన్నారు?"

"పారిస్ అండీ."

"ఇది కనడా కదయ్యా."

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మోంట్రియల్. కెబెక్ రాష్ట్రం. అక్కడా ఫ్రెంచే మాట్లాడతారు. ఇదీ పెద్ద పేరున్న చర్చే, లోపలికి టికెట్ పెడతారు. పారిస్‌లో దానికి టికెట్ లేదు కాబట్టి, మీరు డబ్బిస్తామని వెతికితే పుచ్చుకునే నోత్రదామే దొరికింది" అన్నారాయన శాంతంగా.

"పేరు అదే కదండీ" అన్నారు బావగారు.

"ఆ తల్లి పేరుతో ఒక్క ఫ్రాన్సులోనే ఎన్నున్నాయని! రీమ్స్‌లో ఉంది, షార్త్రలో ఉంది, స్ట్రాస్‌బర్గ్‌లో ఉంది. నీది పాలకొల్లు అంటున్నావు. ద్రాక్షారామం టికెట్ పట్టుకుని మీ క్షీరారామానికి వస్తే మీవాళ్ళు ఒప్పుకుంటారా? రెండూ పంచారామాలే కదా?"

బావగారు జవాబు చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో ముమ్మిడివరం దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. అమలాపురం దగ్గరపడుతుండగా మా ఆవిడ నోరు తెరిచింది. ఏమందో మొదటి పేరాలోనే రాశాను.

అమ్మాయి ఫోన్‌లో నవ్వి నవ్వి, చివరికి వెక్కిళ్ళు పెట్టుకుంది. స్లాట్లు రెండు రోజుల ముందు తెరుస్తారనీ, తను చూసుకుంటుందనీ, దయచేసి ఇంకేమీ కొనవద్దనీ అంది. ఆ మోంట్రియల్ వాళ్ళని డబ్బు వెనక్కి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఫోటో పెట్టారు, ఊరి పేరు రాశారు, డాలర్లని చెప్పారు. ఇంకేం చేస్తారు పాపం? అయితే గోదావరి జిల్లాల వాళ్ళకి ఒక సదుపాయం ఉంది. టికెట్ ఏ దేశానికి తప్పుగా కొన్నా, దాన్ని వాడుకోవడానికి అక్కడొక చుట్టం ఉంటాడు. బావగారి అన్నగారి మనవడు మోంట్రియల్‌లోనే చదువుతున్నాడు. నాలుగు టికెట్లూ వాడికి వాట్సాప్‌లో పంపేశాం. ముగ్గురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వెళతానన్నాడు.

మే 14 ఉదయం మేం అసలు నోత్రదామ్ ముందు నిలబడ్డాం. అమ్మాయి పన్నెండో తారీకున కూర్చున్న చోటే, టీ తాగుతూ స్లాటు తీసేసింది. కుక్కర్ కూస్తూనే ఉంది. నా కీర్తికి అంత అవమానం ఎప్పుడూ జరగలేదు. మా స్లాటు ఆమె ఫోన్లో ఉంది. బావగారికి మాత్రం చేతిలో ఏమీ లేకుండా గుళ్ళోకి వెళ్ళడం మింగుడుపడటం లేదు. మాటిమాటికీ జేబు తడుముకుంటున్నారు.

గుమ్మం దగ్గర సంచులు వెతుకుతున్నారు. గార్డు అక్క సంచి తెరిచి, పూతరేకుల డబ్బా మూత తీశాడు. అమ్మాయి స్నేహితురాళ్ళకని తెచ్చినవి. తెల్లగా, పలచగా, పొరలు పొరలుగా ఉన్నవాటిని చూసి ఆశ్చర్యపోయాడు. ఒకదాన్ని వేలితో మెల్లిగా తాకి, "పాపియే?" అన్నాడు.

బావగారి మొహం యానాం వెళదామన్న రోజులాగా వెలిగిపోయింది.

"చూశావా బావా! కాగితం అడుగుతున్నాడు!" అంటూ, అమ్మాయి అడ్డం పడేలోగా, చొక్కా లోపలి జేబులోంచి లామినేషన్ టికెట్ తీసి అతని చేతిలో పెట్టారు.

గార్డు చదివాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ చదివాడు. బుడగని బొటనవేలితో ఒకసారి నొక్కాడు. మా నలుగుర్నీ వరసగా చూశాడు. తరవాత వాచీ చూసుకుని, చాలా మర్యాదగా మా వెనకవైపు, పడమరకి, దూరంగా చెయ్యి చూపించాడు.

బావగారు అటు తిరిగి చూసి, తల ఊపి, అక్క చెయ్యి పట్టుకున్నారు.

"పదండి, పదండి. టికెట్ ఉన్నవాళ్ళకి లైను అటట."