ఎల్‌ఈడీ గోడ మీద చదివింపులు

మా మేనకోడలి నిశ్చితార్థం మొన్న ఆదివారం బాగానే జరిగింది. తాంబూలాలు మార్చుకున్నారు, లగ్నపత్రిక చదివారు, పనసపొట్టు కూర అదిరింది. కాకపోతే మా చుట్టాల్లో సగం మంది నాతో మాట్లాడటం మానేశారు. మిగతా సగం ఫోన్ చేసి మరీ నవ్వుతున్నారు.

దీనంతటికీ మూలం ఒక కెమెరా. సోనీ మావికా ఎఫ్‌డీ7, 1997 నాటి మోడల్. వైటూకే, అంటే 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న భయం, పుణ్యమా అని అమెరికా వెళ్లిన మా అన్నయ్య మొదటిసారి సెలవుల్లో వస్తూ తెచ్చాడు. ఫిల్మ్ లేదు, మెమరీ కార్డ్ లేదు. పక్కన మూత తీసి, అప్పట్లో కంప్యూటర్లో ఫైళ్లు దాచుకోవడానికి వాడిన మూడున్నర అంగుళాల ఫ్లాపీ డిస్కునే అందులో దోపాలి. బొమ్మ సైజు 640 బై 480. మంచి క్వాలిటీలో తీస్తే 1.44 ఎంబీ ఫ్లాపీకి పదిహేను, ఇరవై ఫొటోలు పడతాయి. ఇప్పటి ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టడం కష్టం. అయినా పది రెట్లు దగ్గరికి లాగే అసలు సిసలు లెన్స్ జూమ్ దానికుంది. నొక్కిన ప్రతిసారీ ఫ్లాపీ లోపల గిర్రుగిర్రుమంటుంది కాబట్టి ఫొటో పడిందో లేదో అన్న అనుమానం చెవిటివాడికి తప్ప ఎవరికీ రాదు. ఆ రోజుల్లో మా వీధిలో దాన్ని చూడటానికి జనం వచ్చేవారు. తర్వాత పాతికేళ్లు అటక మీద ఉంది.

మా మేనకోడలు ఇన్‌స్టాలో ఏం చూసిందో, "మామయ్యా, ఇప్పుడందరూ పాత డిజిక్యామ్‌లే వాడుతున్నారు, ఆ కలర్ ఫోన్లో రాదు, ప్లీజ్" అంది. నిశ్చితార్థానికి వాళ్ల నాన్న, అంటే మా బావ, ఒక డ్రోన్‌నీ, నల్ల టీషర్టుల్లో ఒక దండునీ మాట్లాడాడు. అవి చాలక నేను. సరేనన్నాను. బ్యాటరీ సంపాదించిన కథ ఇంకోసారి. ఫ్లాపీల సంగతే చెబుతాను. సోనీ వాళ్లే 2011లో ఫ్లాపీల అమ్మకం ఆపేశారు, ఇక మా ఊళ్లో ఎవడమ్ముతాడు? బిస్కెట్ల డబ్బాలో దాచిన పాతవి తీస్తే అన్నిటికీ బూజు. ఒక్కటి మాత్రం బతికుంది. అందులో అప్పటికే సగం దాకా ఫొటోలున్నాయి.

అవి మా అక్క పెళ్లి చదివింపుల పుస్తకం ఫొటోలు. పెళ్లి 1999లో. మా నాన్నగారు జీవితమంతా లెక్కలు రాసే ఉద్యోగం చేసిన మనిషి. చేతికి కెమెరా వస్తే పిల్లల్నీ పువ్వుల్నీ కాదు, "ముందు ఆ పుస్తకం పేజీలు తియ్యరా, కాపీ ఉండాలి" అన్నారు. తీశాను, దగ్గరగా, ఒక్కో అక్షరం ముత్యంలా కనపడేట్టు. ఆయన పోయాక ఆ చేతిరాత చెరిపెయ్యడానికి మనసొప్పలేదు. మిగిలిన చోటులో కొత్తవి పడతాయి కదా అనుకున్నాను. పడ్డాయి కూడా. అమ్మాయి, అబ్బాయి, ఉంగరాలు, మా అక్క కళ్లు తుడుచుకోవడం, అన్నీ ఆ పాత రంగుల్లో బ్రహ్మాండంగా వచ్చాయి. మా మేనకోడలు కెమెరా వెనక బుల్లి స్క్రీన్‌లో చూసి "వెంటనే ఎల్‌ఈడీ మీద వేద్దాం" అంది.

ఎల్‌ఈడీ అంటే స్టేజీ పక్కన పన్నెండడుగుల గోడ. ఆ ఫంక్షన్ హాలు వాళ్ల రూలేంటంటే మన లాప్‌టాప్ తగిలించడానికి వీల్లేదు, వాళ్ల ఆపరేటరే వెయ్యాలి, దానికి విడిగా చార్జీ. మనం డబ్బు కట్టి, మన ఫొటోలు, మన చుట్టాలకి చూపించుకోవడానికి వాళ్ల అనుమతి. ఆపరేటర్‌కి ఇరవయ్యేళ్లుంటాయేమో. యూఎస్‌బీకి తగిలించే ఫ్లాపీ డ్రైవ్ నేనే ఇంటి నుంచి తెచ్చి చేతిలో పెట్టి, "బాబూ, ఇందులో ముందు పాతవి ఉంటాయి, అవి వద్దు. చివరి ఏడూ మాత్రమే" అని వేలు చూపించి మరీ చెప్పాను. "ఓకే అంకుల్" అన్నాడు. ఈ తరం 'ఓకే అంకుల్' అన్నదంటే మనం చెప్పింది వినలేదని అర్థం.

ఆ కెమెరా ఫొటోలకి ఎంవీసీ-001ఎఫ్, 002ఎఫ్ అని వరుస నంబర్లు వేస్తుంది. స్లైడ్ షో నొక్కితే ఒకటి నుంచి మొదలవుతుంది. అతను నొక్కాడు. నొక్కి భోజనాలకి వెళ్లిపోయాడు.

నేనప్పుడు వియ్యంకుడి తమ్ముడికి ఫ్లాపీ గొప్పతనం చెబుతున్నాను. హాల్లో మాటలు ఒక్కసారిగా తగ్గాయి. తలెత్తి చూస్తే పన్నెండడుగుల ఎత్తున మా నాన్నగారి చేతిరాత. పైన పసుపు, కుంకుమ బొట్లు, శ్రీరామ. కింద పేరు, ఊరు, రొక్కం, వస్తువు. చివర ఒక గడి, 'రిమార్కులు'.

మిగతా గడుల వరకూ ఎవరికీ నష్టం లేదు. ఆ రిమార్కుల గడే కొంప ముంచింది.

'మిల్క్ కుక్కర్. మూత లేదు.'

'రూ. 101. భోజనాలకి తొమ్మండుగురు.'

'కవరు. ఖాళీ.'

'గోడ గడియారం. వీళ్ల గృహప్రవేశానికి మనం ఇచ్చినదే.'

ఒక్కో పేజీ ఫ్లాపీ మీద నుంచి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొన్ని సెకన్లలో హాలంతా ఊపిరి బిగబట్టేది. పదో తరగతి రిజల్ట్స్ కోసం నోటీసు బోర్డు ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు జనం. ముందు వరసలో ఉన్న మా పెద్దత్తయ్య కళ్లజోడు మరిచిపోయి వచ్చింది. పక్కనున్న కుర్రాణ్ణి పట్టుకుని "మావి వచ్చాయా? చదువు, గట్టిగా చదువు" అంది. వాడు చదివాడు, గట్టిగానే. 'స్టీలు బిందె. సొట్ట.' "సొట్ట దార్లో పడిందిరా, బస్సులో!" అని ఆవిడ లేచి నిలబడి హాలుకంతటికీ సంజాయిషీ ఇచ్చుకుంది. ఇంకెవరో వెనక నుంచి "మాది రాసిందానికంటే ఎక్కువే ఇచ్చాం, పుస్తకం రాసినవాళ్లెవరు?" అని లేచారు. పురోహితుడు గారు దక్షిణ లెక్కపెట్టుకోవడం ఆపి, తన పేరు ఉందేమోనని ఆయనా చూస్తున్నారు. గడియారం తాలూకు కుటుంబం మటుకు సంచులు సర్దుకుంటోంది.

ఈలోగా డ్రోన్ వాడు తన పని తను చేసుకుపోతున్నాడు. అది వచ్చి సరిగ్గా ఎల్‌ఈడీ గోడ ముందు ఆగి, కింద నుంచి పైకి ఒక్కో వరసా తాపీగా చిత్రీకరించింది.

నేను లాప్‌టాప్ దగ్గరికి పరిగెత్తాను. చుట్టూ తాడు కట్టి, ముందు కుర్చీ అడ్డం పెట్టి ఉంది. హాలు మనిషి ఒకాయన కూర్చుని "ఆపరేటర్ లేకుండా ముట్టుకోకూడదండీ, రూలు" అన్నాడు. ఆపరేటర్ ఎక్కడ అంటే ఉలవచారు బిర్యానీ దగ్గర. మా పరువు పేజీకి ఒకటి చొప్పున పోతోందయ్యా అంటే "కంప్లయింట్ బుక్ ఉందండీ" అన్నాడు. ఇంకో పుస్తకం! నేనిక ఆగలేక తాడు కింద నుంచి దూరి డ్రైవ్ వైరు పీకేశాను.

వైరు పీకితే ఫొటో పోతుందని ఎవరైనా అనుకుంటారు. పోలేదు. కొత్త ఫొటో రావడం ఆగింది, ఉన్న ఫొటో ఉన్నచోటే అతుక్కుపోయింది. అతుక్కుపోయిన పేజీలో మొదటి పేరు మా గుంటూరు బాబాయిది. రొక్కం యాభై ఒకటి. రిమార్కులు: 'వాళ్లమ్మాయి పెళ్లికి మనం 116.' నూట పదహారు కింద రెండు గీతలు కూడా ఉన్నాయి.

బాబాయి గోడకి ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. చేతిలో ఐస్‌క్రీమ్ కప్పు. ఆయన అటు చూశాడు, జనం ఆయన వైపు చూశారు, ఆయన చెంచాతో ఐస్‌క్రీమ్‌ని కలుపుతూ కూర్చున్నాడు. ఆపరేటర్ బిర్యానీ ముగించి, పాన్ కట్టించుకుని వచ్చేదాకా అలాగే కలిపాడు. వచ్చిన కుర్రాడు తెర చూసి, నన్ను చూసి, "అంకుల్, ఇది ఎండింగ్ కార్డా?" అన్నాడు.

అమ్మాయి ఫొటోలు ఆ పూట ఎవరూ చూడలేదు. చూసే తీరిక ఎవరికుంది? అన్నం తింటూ ఎవరిది ఎంతో లెక్కలేసుకుంటున్నారు. మా బావ మాత్రం "ఇంత మంచి డ్రోన్ పెడితే నీ డబ్బా కెమెరా ఎందుకయ్యా" అని మూడు పూటలా అంటున్నాడు. అన్నదెవరు, ఈయన పెళ్లికొడుకుగా ఆ డబ్బా కెమెరా ముందు నిలబడి "మళ్లీ తియ్యి, కళ్లు మూశాను" అని ఫ్లాపీలకి ఫ్లాపీలు ఖాళీ చేయించిన మనిషి. నిన్న నల్ల టీషర్టుల వాళ్ల నుంచి ఫోన్. "సార్, చదివింపుల క్లిప్ సూపర్‌గా వచ్చింది, హైలైట్స్‌లో మొదట పెట్టమంటారా, చివర పెట్టమంటారా?"

ఈ ఉదయం నా ఫోన్‌కి డబ్బు జమైనట్టు మెసేజ్ వచ్చింది. గుంటూరు బాబాయి పంపాడు, అరవై అయిదు రూపాయలు. కింద 'లెక్క సరి' అని రాశాడు. తిప్పి పంపెయ్యమని మా ఆవిడ, ఉంచుకుని రసీదు ఇవ్వమని మా అక్క. పంపేట్టయితే వడ్డీ కలిపి పంపాలేమో కనుక్కోమంటున్నాడు మా బావ.