వైన్స్ బోర్డు గారి సముఖమునకు

మద్యం దుకాణం నెత్తిన వెలిగే మహారాజశ్రీ వైన్స్ బోర్డు గారికి,

నెల్లూరు నుంచి ఒక రిటైర్డు తెలుగు మాస్టారు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అందామంటే నా వైపు కుశలం లేదు. నిన్న మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర దాకా తమ కుటుంబ సభ్యులను నలుగురిని దర్శించుకుని వచ్చాను. ఎండ మాడు పగలగొడుతున్నా హెల్మెట్ తీసే ధైర్యం లేకపోయింది.

మా మేనల్లుడు పుణెలో పుట్టి పెరిగినవాడు. నాసిక్ దగ్గర వైన్ తయారీలో పని. అక్కడ ద్రాక్ష కోతలు జనవరిలో మొదలై మార్చి దాకా సాగుతాయట. అవి ముగిశాక సెలవు పెట్టి, వాళ్లత్త చేతి కొరమీను పులుసు కోసం దిగాడు. "మామా, చెనిన్ బ్లాంక్ సీసా ఒకటి తెచ్చిపెట్టు. చింతపండు పులుపుకీ మీ కారానికీ కాస్త తీపి తగిలే తెల్ల వైన్ అయితే సరిపోతుంది. ఎర్రదాంట్లో ద్రాక్ష తొక్కల వగరు దిగుతుంది, అది కారాన్ని ఇంకా మండిస్తుంది" అన్నాడు. సీసా వెంట తెచ్చుకోవచ్చు కదరా అంటే, "సందుకో వైన్స్ ఉన్న ఊరికి మోసుకురావడం ఎందుకు?" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. జన్మలో తమరి గడప తొక్కినవాణ్ణి కాదు. రాసి ఉన్నది నమ్మడం తెలుగు మాస్టర్ల జబ్బు.

మొదటి కౌంటర్లో "వైన్ ఉందా బాబూ?" అన్నాను. "అంతా వైనే కద సార్. క్వార్టరా, హాఫా?" అన్నాడు. రెండో చోట కూలింగ్ బీరు చేతిలో పెట్టి ఇదే తీసుకోమన్నాడు. మూడో చోట కౌంటర్ వెనకాల ఉన్నవాడు నా గొంతు గుర్తుపట్టేశాడు. "ఏంది సార్, మీరా!" అని కేక. క్యూ మొత్తం నా వైపు తిరిగింది. వాడికి తొమ్మిదో తరగతిలో 'నేతి బీరకాయలో నెయ్యెంత' అని చెప్పింది నేనే. వాడిప్పుడు ఆ సామెత కిందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

నాలుగో చోట ఒక్కటంటే ఒక్క సీసా ఉంది. షట్టర్ పక్కన, పడమటి ఎండ పడే చోట, లేబుల్ మీది ద్రాక్ష గుత్తి తెల్లగా పాలిపోయి, భుజాల మీద దుమ్ముతో నిలబడి ఉంది. ఎమ్మార్పీ మీద ఇరవై ఎక్కువ తీసుకున్నాడు. అదెందుకని అడగలేదు, నా పరువు ఖరీదు అంతకన్నా ఎక్కువ. ఇంటికొచ్చాక మేనల్లుడు మూత తీసి, వాసన చూసి, "మామా, దీనికి వడదెబ్బ తగిలింది" అని సింకులో పోశాడు. పన్నెండు, పదమూడు డిగ్రీల చల్లదనంలో నీడపట్టున పెట్టాల్సిన సరుకట అది.

ఇక మర్యాద నా వల్ల కాదు. ఒరే బోర్డూ, అసలు ఆ చివరి 'స్' ఏంట్రా? ఒక్కటి కూడా లేని చోట బహువచనమా? వైన్ అంటే ద్రాక్షరసం. దాంట్లోని చక్కెరని ఈస్ట్ తినేసి పన్నెండు, పధ్నాలుగు శాతం ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఆ వైన్‌ని కాచి, ఆవిరి పట్టి తీస్తే బ్రాందీ. నీ అరల్లోని బ్రాందీలో ఎక్కువ భాగానికి ద్రాక్షతో ఆ చుట్టరికం కూడా లేదు, చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిటే. జార్జియా దేశంలో క్వెవ్రి అనే మట్టి జాడీలు మెడ దాకా పాతిపెట్టి వైన్ పులియబెడతారని, దాన్ని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కించారని మేనల్లుడు చెబుతుంటే మా ఆవిడ వెంటనే అందుకుంది, "మన ఆవకాయ జాడీ లాగా" అని. మాకు అర్థం కాక కాదు. ఈ రోజు చేపల పులుసు రేపు తింటేనే రుచి అని తెలిసిన ఊరు ఇది. కవిత్వాన్ని నాలుక మీద వేసుకుని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని తేల్చిన భాష మాది. అలాంటి చోట వైన్ అనగానే జనం పర్మిట్ రూమ్, ప్లాస్టిక్ గ్లాసు, పల్లీల పొట్లం తలుచుకుంటున్నారంటే అది నీ నిర్వాకమే.

అదీ ఏ జిల్లాలో? 1992లో దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడితే, మరుసటి ఏడు రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అక్షరాలకి అంత బలం ఉందని చూపించిన నేల మీద నిలబడి, రెండున్నర అక్షరాల్లో అబద్ధమాడతావా? సర్కారు దుకాణాలు నడిచిన అయిదేళ్లు నువ్వు పెద్దగా కనబడలేదు. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు వచ్చీ రాగానే కొత్త ఫ్లెక్సీ, చుట్టూ లైట్లతో మళ్లీ ఎక్కావు. మా ఇంటి అడ్రసు కూడా ఇప్పుడు 'వైన్స్ పక్క సందు'. పెళ్లి పత్రికలో అలాగే వేయించుకోవాల్సి వచ్చింది. అతిథులు ఒక్కరూ దారి తప్పలేదు, ఆ మాట మాత్రం ఒప్పుకుంటాను.

ఇట్లు,
హెల్మెట్ మాస్టారు

తా.క.: సాయంత్రం మేనల్లుడు ఆయుర్వేదం కొట్టుకి వెళ్లి ద్రాక్షారిష్టం తెచ్చాడు. ద్రాక్ష కషాయంలో బెల్లం, ధాతకీ పువ్వులు వేసి పులియబెట్టింది. స్టీలు గ్లాసులో తిప్పి, వాసన చూసి, "మామా, ఊరు మొత్తానికి ద్రాక్ష పులిసింది ఇక్కడే" అన్నాడు. రెండు మూతలు నాకూ పోశాడు. ఎమ్మార్పీకే ఇచ్చారట.